అట్ట మీది చిల్లు, తెర మీది చుక్క

సూరత్ నగరం నుంచి నవసారి వెళ్ళే రోడ్డు మీద ఉధ్నా దాటి దక్షిణంగా పోతే, సచిన్ పారిశ్రామికవాడకు ముందు ‘ఉన్’ అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు నగరానికి బయట ఉండేది, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. పేరు వినగానే ఉన్ని గుర్తుకొస్తుంది గాని, ఈ చుట్టుపక్కల మగ్గాలు నేసేది ఎక్కువగా పాలియెస్టర్ వంటి కృత్రిమ దారాన్ని. ఉధ్నా, లింబాయత్ వైపు వీధుల్లో తెలుగు మాట వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు తరతరాలుగా సూరత్‌కు వలస వచ్చాయి. ఆ పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతూ వచ్చింది.

వెబ్‌సైట్ల గురించి చెబుతామని మగ్గాల దగ్గరికి తీసుకువచ్చారేమిటని మీరు అడగవచ్చు. కారణం ఉంది. మనం రోజూ తాకే తెర మీది బొమ్మలకూ మీటలకూ పూర్వీకులను వెతుక్కుంటూ వెనక్కి పోతే, దారి నేరుగా మగ్గం దగ్గరికే చేరుతుంది.

పువ్వులూ నెమళ్ళూ ఉన్న చీరను నేసే మగ్గం పైన దండలా వేలాడే అట్టలను మీలో కొందరు చూసే ఉంటారు. దాన్ని జకార్డు అంటాం. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరవాసి జోసెఫ్ మరీ జకార్డ్ 1804 నాటికి ఈ ఏర్పాటును ఒక రూపానికి తెచ్చాడు. అంతకు ముందే 1725లో బుషోన్ చిల్లుల కాగితాన్నీ, తరువాత ఫాల్కన్ అట్టలనూ వాడి చూశారు. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. పడుగు పోగులను ఎత్తే కొక్కేలు ఉంటాయి. ఒక్కొక్క కొక్కేనికి ఒక సూది. అట్ట వచ్చి సూదుల వరుసకు ఎదురు నిలుస్తుంది. చిల్లు ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది, కొక్కెం తన స్థానంలోనే ఉండి పోగును పైకెత్తుతుంది. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. ఆ సందులోంచి పేక పోగు దూరి పోతుంది. తరువాతి పేకకు తరువాతి అట్ట. చిల్లు లేదా చిల్లు లేకపోవడం, ఈ రెండే మాటల భాష అది!

1839లో లియోన్‌లో ఈ పద్ధతిలోనే జకార్డ్ ముఖచిత్రాన్ని పట్టుబట్ట మీద నేశారు. అందుకు సుమారు 24,000 అట్టలు పట్టాయి. దూరం నుంచి చూసినవాళ్ళు దాన్ని చెక్కి అచ్చువేసిన చిత్రమనుకునేవారు. గణన యంత్రాలను ఊహించిన ఇంగ్లండు గణితవేత్త ఛార్లెస్ బాబేజ్ ఆ బట్టను సంపాదించి తన ఇంట్లో అతిథులకు చూపించేవాడు.

అట్ట కొట్టడానికి ముందు ఒక పని ఉంది. బొమ్మను గళ్ళ కాగితం మీద, అంటే గ్రాఫు మీద వేసుకోవాలి. నిలువు గడులు పడుగు, అడ్డ గడులు పేక. ప్రతి గడి నిండినదో ఖాళీదో కావాలి, సగం గడి అన్నది లేదు. ఇప్పుడు సూరత్‌లో కొత్త మగ్గాల మీద అట్టల బదులు ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. కంప్యూటర్ మీద వేసిన డిజైను నేరుగా మగ్గానికి అందుతుంది. అయినా డిజైను వేసేవాడి తెర మీద కనిపించేది ఆ గళ్ళ కాగితమే.

ఇందులో ఒక విషయం గమనించండి. అట్ట పూర్తిగా పనికి సంబంధించిన వస్తువు, ఎంతమాత్రం అందంగా ఉండదు. అది పుట్టించేది మాత్రం పువ్వు. పువ్వు లేకపోయినా చీర చీరే, ఒళ్ళు కప్పుతుంది. అయినా మనిషి ఆ పువ్వు కోసం 24,000 అట్టలు కొట్టడానికి సిద్ధపడ్డాడు. ఈ రెండు కోరికలూ, పని జరగాలన్నదీ చూసి ముచ్చటపడాలన్నదీ, కంప్యూటర్ తెర మీదికి కూడా మనతోపాటే వచ్చాయి.

గళ్ళ కాగితం మీద నవ్వు

మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే ముఖాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. 1960ల వరకు కంప్యూటర్ ముఖం అంటే చిల్లుల అట్టలే, ఆ తరువాత నల్లని తెర మీద అక్షరాలు. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో మౌస్‌ను జనం ముందు ప్రదర్శించాడు. జిరాక్స్ కంపెనీ 1981లో ‘స్టార్’ అనే కంప్యూటర్‌ను అమ్మకానికి పెట్టింది. దాని తెర మీద కాగితాలు, ఫైళ్ళు, సొరుగులు బొమ్మలుగా కనిపించేవి. ఇవాళ ఫోన్లలో మూలగా కనిపించే మూడు అడ్డగీతల గుర్తు ఉంది చూడండి, దాన్ని నార్మ్ కాక్స్ అనే డిజైనర్ ఆ స్టార్ కోసమే గీశాడు. కొత్తగా వాడేవాళ్ళకు, అది కిటికీ వేడెక్కకుండా గాలి పోయే రంధ్రమని సరదాగా చెప్పేవారట! మూడు గీతలు జాబితాలాగా కనబడతాయి, నొక్కితే జాబితా వస్తుంది. హాస్యం మరుగున పడిపోయింది, గుర్తు మాత్రం దాదాపు ముప్ఫై ఏళ్ళ తరువాత చిన్న తెరల మీదికి మళ్ళీ వచ్చింది.

1982లో సూసన్ కేర్ అనే చిత్రకారిణి ఆపిల్ కంపెనీలో చేరింది. ఆమెకు కంప్యూటర్లతో పరిచయం లేదు. గళ్ళ కాగితాల పుస్తకం ఒకటి కొనుక్కుని, 32 నిలువు గడులు, 32 అడ్డ గడులలో బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గడి తెర మీద ఒక్కొక్క చుక్క. నలుపు లేదా తెలుపు, అంతే. ఎంబ్రాయిడరీ, మొజాయిక్ పనులు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదని ఆమె తరువాత చెప్పింది. మన జకార్డు డిజైనర్ అయితే ఇంకా తొందరగా ఒప్పుకుంటాడు.

1984 జనవరిలో వచ్చిన మాకింటాష్ కంప్యూటర్‌ను తెరవగానే నవ్వుతున్న చిన్న కంప్యూటర్ ముఖం కనిపించేది. అది అలంకారమనుకుంటే పొరపాటు. యంత్రం తన భాగాలను తానే పరీక్షించుకుని, అంతా సక్రమంగా ఉంటేనే ఆ నవ్వు చూపేది. లోపం ఉంటే కళ్ళ స్థానంలో అడ్డగుర్తులతో విచారంగా ఉన్న ముఖం వచ్చేది. ‘స్వీయ పరీక్ష విజయవంతం’ అనే మాటకంటె ఆ నవ్వు తొందరగా అర్థమవుతుంది. పైగా ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. పనికొచ్చే ఆట అంటే ఏమిటో చెప్పమంటే నేను మొదట చూపించేది ఈ 32 గడుల నవ్వునే.

భూగోళం తిరిగితే పని జరుగుతున్నట్లే

ఇక వెబ్ దగ్గరికి వద్దాం. టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో రూపొందించిన మొదటి వెబ్‌సైటు 1991లో బయటివారికి తెలిసింది. అందులో బొమ్మల్లేవు, రంగుల్లేవు. అక్షరాలూ, ఒక పుట నుంచి మరొక పుటకు దారితీసే లింకులూ, అంతే. 1993లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా తయారుచేసిన ‘మొజాయిక్’ బ్రౌజర్ అక్షరాల మధ్యనే బొమ్మలను చూపించింది. లింకులకు నీలి రంగు కూడా దాని ద్వారానే జనానికి అలవాటయింది.

మొజాయిక్ కుడివైపు మూలలో ఒక చిన్న భూగోళం ఉండేది. సమాచారం వస్తున్నంతసేపూ అది తిరిగేది. చూడటానికి బాగుండేది, ‘ఇంకా పని జరుగుతోంది’ అని చెప్పేది, దాన్ని నొక్కితే రాక ఆగిపోయేది. ఒకే బొమ్మ మూడు పనులు చేసేది! దాని అవసరం ఎంతటిదో ఇప్పటి వేగాలు అలవాటైన మీకు ఊహకు అందదు. ఒక లెక్క చేసి చూద్దాం. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం ప్రారంభించింది. టెలిఫోను తీగ మీద సెకనుకు 9,600 బిట్ల వేగం అనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, సెకనుకు 1,200 బైట్లు. అరవై వేల బైట్ల మామూలు ఫోటో ఒకటి రావడానికి, ఏ ఆటంకమూ లేకపోతే, 50 సెకన్లు. ఆ యాభై సెకన్లూ కదలని తెర ముందు కూర్చుంటే తీగ తెగిందో, యంత్రం చచ్చిందో తెలియదు. పని ఎంతవరకు జరిగిందో చూపే పట్టీ ఉంటే మనుషులు ఆ యంత్రాన్నే ఇష్టపడతారని బ్రాడ్ మైయర్స్ అనే పరిశోధకుడు 1985లోనే ప్రయోగం చేసి చూపించాడు. పట్టీ పనిని వేగవంతం చేయదు. నిరీక్షణను మాత్రం భరించదగినదిగా చేస్తుంది.

తరువాతి నాలుగైదేళ్ళు వెబ్ బాల్యం. అల్లరి బాల్యం. 1994లో మొదలైన జియోసిటీస్ వంటి చోట్ల ఎవరైనా ఉచితంగా సొంత పుట కట్టుకోవచ్చు. కట్టుకున్నారు కూడా! పార పట్టుకుని తవ్వుతున్న మనిషి బొమ్మ, పక్కన ‘నిర్మాణంలో ఉంది’ అన్న పలక. ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె. అతిథుల సంతకాల పుస్తకం. నక్షత్రాలు మెరిసే నల్లని నేపథ్యం మీద పసుపు అక్షరాలు. కదిలే బొమ్మలకు ఆధారం ‘జిఫ్’ అనే బొమ్మల పద్ధతి. కంప్యుసర్వ్ కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం దాన్ని 1987లో రూపొందించింది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాటిని ఆగకుండా తిప్పడం మొదలుపెట్టాక తవ్వే మనిషికి విశ్రాంతి లేకుండా పోయింది.

చదువుకున్న డిజైనర్లు తరువాత వీటిని చూసి నవ్వారు. నేను అంత తొందరగా నవ్వను. అచ్చు పుస్తకం పూర్తయ్యాకనే పాఠకుడి చేతికి వస్తుంది. వెబ్ పుట పూర్తికాకుండానే వస్తుంది, రేపు మారుతుంది. ఈ కొత్త సంగతిని పాఠకుడికి చెప్పడానికి అప్పట్లో ఎవరి దగ్గరా మాట లేదు. రోడ్డు మీది పలకను అరువు తెచ్చుకున్నారు. అంకెల పెట్టె కూడా అంతే. రాసినవాడికి తన మాట ఎవరికైనా చేరిందా అన్నది తెలియడానికి ఉన్న ఒకే దారి అది. జియోసిటీస్‌ను 2009 అక్టోబరులో మూసివేసినప్పుడు, ఔత్సాహికులు పరుగున పోయి ఆ పుటలను వీలైనన్ని దాచారు. ఆ తరం మనుషులు తెర మీద తమను తాము ఎలా చూపుకున్నారో తెలుసుకోవడానికి ఇప్పుడు అవే ఆధారాలు.

మిణుకుమిణుకు మనే అక్షరాల సంగతి వేరు. నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి ఒక రాత్రి మిత్రులతో సరదాగా అన్న మాటను, తెల్లవారేసరికి మరొకరు నిజం చేసేశారట. అలా పుట్టిన మిణుకు అక్షరాలు పుటలనిండా వ్యాపించాయి. అవి ఏ సంగతీ చెప్పవు, చదవనివ్వవు కూడా. 2013లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాటిని పూర్తిగా తీసివేసింది. మిణుకు కేవలం చికాకు మాత్రమే కాదు. 1997 డిసెంబరు 16న జపాన్ టెలివిజన్‌లో ఒక పోకెమాన్ కథలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మారుతూ వచ్చిన దృశ్యం చూసి సుమారు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. కొందరి మెదడు అలాంటి కాంతికి మూర్ఛతో స్పందిస్తుంది. అందుకే 2008 నాటి అంతర్జాతీయ వెబ్ సౌలభ్య సూత్రాలు తెర మీద ఏదీ సెకనుకు మూడుసార్ల కంటె ఎక్కువ మెరవకూడదన్నాయి. తెర మీది ఆటకు శరీరం గీసిన హద్దు అది.

ఆ తరువాత వచ్చిన ఫ్లాష్ యుగాన్ని త్వరగా దాటేద్దాం. 1996లో వచ్చిన ఫ్లాష్ మృదువుగా కదిలే బొమ్మలూ ఆటలూ ఇచ్చింది, ఎందరో పిల్లలకు తొలి కంప్యూటర్ ఆట అదే. కాని కంపెనీలు తమ సైటు ముందు ఒక సినిమా పెట్టి, పాఠకుడిని వాకిట్లో నిలబెట్టేవి. ఆ సినిమా పుటల్లో అందరూ వెతికి వెతికి నొక్కిన మీట ‘ఇది వదిలేసి లోపలికి పోండి’ అన్నదే! ఐఫోను దాన్ని ఒప్పుకోలేదు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ ముగిసింది.

మనకు అక్షరమే సమస్య

ఇంగ్లీషు పుటలు ఇలా ఆడుకుంటున్న రోజుల్లో తెలుగు పుట ఏం చేస్తోంది? అక్షరం కోసం పెనుగులాడుతోంది.

యూనికోడ్ 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించింది. చోటు ఉండటం వేరు, తెర మీద కనబడటం వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. కంప్యూటర్ దాన్ని దాచుకునేది ఆరు సంకేతాలుగా: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుడి. ఈ ఆరింటినీ కలిపి, తకారాన్ని ఒత్తుగా కిందికి దించి, రకారాన్ని పక్కన చుట్టి, గుడిని పైన పెట్టి ఒక బొమ్మగా తీర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంగ్లీషులో ‘ఏ’ పక్కన ‘బీ’ పెడితే చాలు. విండోస్ వాడేవారికి 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు ‘గౌతమి’ ఫాంటు వచ్చేదాకా ఇది సులభం కాలేదు.

ఈలోగా మనవాళ్ళు ఊరుకోలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగువారు, రోమన్ అక్షరాలతో తెలుగును తప్పు లేకుండా రాసే ‘ఆర్.టి.ఎస్.’ పద్ధతిని తయారుచేశారు. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలయింది. దినపత్రికల సైట్లు ఒక్కొక్కటి తన సొంత ఫాంటు, తన సొంత సంకేతాలు పెట్టుకున్నాయి. ఫలితం? ఫాంటు దించుకోనివాడి తెర మీద, తలపై గీతలూ చుక్కలూ ఉన్న యూరపు అక్షరాల గుంపు కనిపించేది. సూరత్‌లోనో భివండీలోనో ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఊరి వార్త చదవాలనుకున్నవాడిని ఊహించండి. కేఫ్ యంత్రంలో తెలుగు ఫాంటు ఎందుకుంటుంది? గంటకింత అని డబ్బు కట్టి పిచ్చిగీతలు చూడాలి. అలాంటి పాఠకుడికి మెరిసే నక్షత్రాల నేపథ్యం పెట్టి ఏం లాభం?

ఆ పరిస్థితిని మార్చినవి పెద్ద కంపెనీలొక్కటే కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలవడానికి కారకుడైన నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఉపకరణం రాశారు. అది బ్రౌజర్‌లో కూర్చుని, పత్రికల రకరకాల సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చేది. 2006లో వీవెన్ ‘లేఖిని’ని అందుబాటులోకి తెచ్చారు.

లేఖిని ముఖం చూస్తే అలంకారం ఏమీ కనిపించదు. రెండు పెట్టెలు, అంతే. ఒకదానిలో రోమన్ అక్షరాలు కొడుతుంటే రెండోదానిలో తెలుగు వస్తుంది. కాని ఒకసారి కొట్టి చూడండి. ‘కె’ మీట నొక్కగానే ‘క్’ వస్తుంది. వెంటనే ‘ఎ’ మీట నొక్కితే పొల్లు ఎగిరిపోయి ‘క’ అవుతుంది. మరోసారి నొక్కితే దీర్ఘం సాగుతుంది. పలకమీద గుణింతం తనంతట తానే మారుతున్నట్లుంటుంది. ఎవరూ దీన్ని ఆటగా తయారుచేయలేదు, అయినా పిల్లలు ఆడుకోవచ్చు, ఆడుతూ రాయడం నేర్చుకోవచ్చు. నొక్కిన ప్రతిసారీ యంత్రం ఏం అర్థం చేసుకున్నదో కళ్ళముందు కనిపించడమే ఇందులోని కిటుకు. 1984 నాటి నవ్వు ముఖం చేసిందీ ఇదే.

అక్షరం రావడంతో కథ అయిపోలేదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కంటికి కనబడని ‘కలపవద్దు’ అనే సంకేతం, ఆపైన దీర్ఘం. ఈ అయిదూ వరుసగా వస్తే, అప్పటి ఐఫోన్లు దాన్ని తెర మీద గీయలేక ఆ సందేశం తెరిచిన యాప్‌ను కూల్చేసేవి. కనబడే రూపం ‘జ్ఞా’. జ్ఞానంలోని మొదటి అక్షరం! కొందరు దీన్ని సరదాకు స్నేహితులకు పంపారు, అందుకున్నవారు తమ సందేశాల పెట్టెనే తెరవలేకపోయారు. ఆపిల్ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. లోపం తెలుగులో ఉందన్నట్లు రాసిన వార్తలు అప్పట్లో కొన్ని కనబడ్డాయి. లోపం తెలుగులో లేదు, తెలుగును గీసే సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

డైనోసార్ దూకుడు

స్మార్ట్‌ఫోన్లు వచ్చిన మొదట్లో తెర మీద బొమ్మలు అచ్చం వస్తువుల్లా ఉండేవి. తోలు కుట్లున్న డైరీ, చెక్క అలమారలో పుస్తకాలు. వేలితో తాకడం కొత్త కాబట్టి, తెలిసిన వస్తువు రూపం ధైర్యమిచ్చింది. 2013లో ఆపిల్, 2014లో గూగుల్ వాటిని పక్కన పెట్టి చదునైన రంగులకు మారాయి. పుటలు తేలికయ్యాయి. కాని ఒక చిక్కు వచ్చింది: ఏది మీట, ఏది ఉత్త అక్షరం? ఉబ్బెత్తుగా, కింద నీడతో ఉన్న మీట ‘నన్ను నొక్కు’ అని చెబుతుంది. చదునైన మాట చెప్పదు. అదే 2013లో ఆపిల్ పెట్టిన జూమ్ కదలికలతో కొందరికి తల తిరిగి వికారం కలిగింది. ఆ తరువాత ‘కదలిక తగ్గించు’ అనే సదుపాయం ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ స్థిరపడింది.

ఆట పూర్తిగా పోలేదు. గూగుల్ పేరు మీద అప్పుడప్పుడు కనిపించే బొమ్మలను మీరెరుగుదురు. మొదటిది 1998 ఆగస్టులో పెట్టారు. పేరులోని ఒక అక్షరం వెనుక చేతులెత్తిన గీతల మనిషి. వ్యవస్థాపకులిద్దరూ నెవాడా ఎడారిలో ‘బర్నింగ్ మ్యాన్’ ఉత్సవానికి పోయారని, ఆ రోజుల్లో సైటు ఆగిపోతే బాగుచేసేవారు ఊళ్ళో లేరని చెప్పే నోటీసు అది. తాళం వేసిన దుకాణం తలుపుకు తగిలించిన చీటీ వంటిది!

నాకు ఇంకా నచ్చేది క్రోమ్ బ్రౌజర్‌లోని డైనోసార్. 2014లో వచ్చింది. ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు అది కనబడుతుంది. మీట నొక్కితే పరుగెత్తి, ముళ్ళ మొక్కల మీదుగా దూకుతుంది. ఇంటర్నెట్ లేని చోట మనం రాక్షసబల్లుల కాలానికి పోయామని హాస్యం. దీన్ని చుక్కల బొమ్మగానే గీశారు, గడులు లెక్కపెట్టవచ్చు. నెలకు 27 కోట్ల ఆటలు ఆడుతున్నారని 2018లో గూగుల్ చెప్పింది. అందులో భారత్, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేసియా వంటి దేశాలవారు ఎక్కువట. ఎందుకో మీకు వేరే చెప్పాలా? తీగ తరచు తెగేది అక్కడే కదా! మొజాయిక్ భూగోళం ‘వస్తోంది, ఆగు’ అంది. డైనోసార్ ‘రావడం లేదు, తప్పు నీది కాదు’ అంటోంది.

అయితే ఆట మరొకరి పక్షాన కూడా పనిచేయగలదు. వేలితో కిందికి లాగితే కొత్త వార్తలు వచ్చే పద్ధతిని లారెన్ బ్రిక్టర్ 2009లో ‘ట్వీటీ’ యాప్‌లో పెట్టాడు. ఎంతో సహజమైన కదలిక. అంతులేకుండా కిందికి సాగే పుటను అజా రాస్కిన్ 2006లో రూపొందించాడు. ఇద్దరూ తరువాత చింతించారు. కారణం, లాగినప్పుడల్లా ఏదో కొత్తది రావచ్చుననే ఆశ లాటరీ యంత్రం పిడిని లాగడం వంటిది. చేయి దానంతటదే మళ్ళీ మళ్ళీ పోతుంది. పుటకు అంచు లేకపోతే ఆగే చోటు కూడా ఉండదు. పరీక్షల ముందు రాత్రి మీకిది అనుభవమయ్యే ఉంటుంది.

అంతకంటె చెడ్డవి ఉన్నాయి. ‘ఇంకా రెండు నిమిషాలే!’ అని అబద్ధపు గడియారం పరుగెత్తించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, వద్దు అనే మీటను లేత రంగులో దాచి కావాలి అనేదాన్ని మెరిపించడం. హారీ బ్రిగ్నల్ 2010లో వీటికి ‘డార్క్ పాటర్న్స్’ అని పేరు పెట్టాడు, చీకటి పోకడలని మనం అనుకోవచ్చు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాలను పేర్కొని నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. మీ అమ్మగారి ఫోనులో ఏదైనా కొనేటప్పుడు బుట్టలోని వస్తువులు ఒకసారి లెక్కపెట్టండి.

రెండు పరీక్షలు

మీ దగ్గర గళ్ళ కాగితం ఉందా? 16 నిలువు, 16 అడ్డం గడుల చదరం గీసుకోండి. పెన్సిల్‌తో ఒక్కొక్క గడి పూర్తిగా నింపుతూ ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం వేయండి. అరనిమిషంలో అవుతుంది. ఇప్పుడు అదే చదరంలో ‘స్త్రీ’ వేయండి. గుడి, ఒత్తు, చుట్టు మూడింటికీ విడివిడిగా కనీసం ఒక ఖాళీ గడి వదలాలి, లేకపోతే అతుక్కుపోతాయి. మొదటి ప్రయత్నంలో కుదరకపోవచ్చు. పాతకాలపు చిన్న తెరల మీద మన లిపికి జరిగింది ఇదే.

రెండో పరీక్షకు ఫోను చాలు. భాషను తెలుగుకు మార్చి, సెట్టింగులూ నాలుగైదు యాప్‌లూ తెరిచి మీటల మీది మాటలు చూడండి. ఇంగ్లీషు అక్షరం ఎత్తును బట్టి గీసిన మీటలో తెలుగు ఒత్తు కింది అంచు దగ్గర తెగిపోవచ్చు. ఇంగ్లీషులో శీర్షికను పెద్దక్షరాలతో వేరుచేస్తారు. మనకు పెద్దక్షరాలు లేవు, కాబట్టి పరిమాణమో రంగో మార్చాలి. ఒక ఇంగ్లీషు మాటకు బదులు వచ్చే తెలుగు మాట పొడుగై, చివర మూడు చుక్కలుగా మిగలవచ్చు. సిలికానాంధ్ర వంటి సంస్థల పూనికతో రామభద్ర, సురన్న, ధూర్జటి మొదలైన ఫాంట్లు వెబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు శీర్షికకు ఇప్పుడు సొగసుకు లోటులేదు. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ మాత్రం పుట కట్టేవాడు వదలాలి. తెగిన ఒత్తులు కనబడితే తెర ఫోటో తీసి, ఆ యాప్ వారికి అభిప్రాయం పంపే చోటు ఉంటే పంపండి. ఏ మీట, ఏ మాట, ఏ ఒత్తు అన్నది స్పష్టంగా రాయండి.